సునామీ ముంచిన పొలాల్లో అండమాన్ బాతు: మిన్నీ బే నుంచి సాగే పక్షి యాత్రల వెనుక కథ

అండమాన్ అనగానే సెల్యులార్ జైలు, హావ్‌లాక్ బీచ్, పగడపు దిబ్బలు గుర్తొస్తాయి. కానీ ఏటా నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడికి వచ్చే ఒక రకం పర్యాటకులు బీచ్‌ల వైపు పెద్దగా చూడరు. వాళ్ల మెడలో బైనాక్యులర్లు, చేతిలో ఒక జాబితా ఉంటాయి. ప్రపంచంలో మరెక్కడా కనిపించని ఇరవై పైచిలుకు పక్షి జాతుల పేర్లు ఆ జాబితాలో ఉంటాయి.

వీటిలో చాలావాటిని చూడటానికి దట్టమైన అడవిలో గుడారాలు వేయనక్కర్లేదు. పోర్ట్ బ్లెయిర్ పట్టణంలోని మిన్నీ బే లాంటి చోట బస చేసి, తెల్లవారుజామున గైడ్‌తో కలిసి బయల్దేరి, రాత్రికి తిరిగి వచ్చేయొచ్చు. 2024 సెప్టెంబరులో కేంద్రం ఈ పట్టణం పేరును శ్రీ విజయపురంగా మార్చింది. అయినా వాడుకలో పాత పేరే ఇంకా ఎక్కువగా వినిపిస్తోంది.

అయితే ఈ యాత్రల్లో ఒక వింత ఉంది. జాబితాలోని పక్షులు దొరికే ముఖ్యమైన చోట్లలో కొన్ని జాతీయ పార్కులు కావు. అవి 2004 సునామీ తర్వాత ఉప్పునీళ్లు నిలిచిపోయిన పొలాలు, రోడ్డు పక్కన మిగిలిన అడవి అంచులు. రేపు వాటిని ఏం చేస్తారన్న దానిమీదే ఈ యాత్రల భవిష్యత్తు చాలావరకు ఆధారపడి ఉంది.

ఇక్కడి పక్షులు ఎందుకు ప్రత్యేకం?

పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతాల్లో ఏది చూసుకున్నా సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. మయన్మార్ తీరం మాత్రం దీవుల ఉత్తర కొస నుంచి 200 కిలోమీటర్లకు లోపే. అందుకే ఇక్కడి అడవి, పక్షులు దక్కన్ పీఠభూమి కంటే ఆగ్నేయాసియాకే దగ్గరి చుట్టాలు.

మంచుయుగంలో సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా తగ్గింది. అప్పుడు ఉత్తర, మధ్య, దక్షిణ అండమాన్‌లు కలిసి ఒకే పెద్ద దీవిగా ఉండేవి. కానీ ప్రధాన భూభాగంతో మాత్రం కలవలేదని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. సముద్రం దాటి వచ్చిన కొద్ది పక్షులు ఇక్కడే ఉండిపోయి, తరతరాలుగా వేరుపడి, కొత్త జాతులయ్యాయి.

అండమాన్ వడ్రంగిపిట్ట, అండమాన్ జెముడుకాకి, అండమాన్ పాముల గద్ద, తెల్లతల గోరువంక, అడవి పావురం, రెండు మూడు రకాల గుడ్లగూబలు అలా వచ్చినవే. మన ఊళ్లలో కనపడే జెముడుకాకికి ఒళ్లంతా నలుపు, రెక్కలు ఇటుక రంగు. అండమాన్ జెముడుకాకికి ఆ నలుపు ఉండదు, తల నుంచి ఒళ్లు లేత గోధుమ రంగులో ఉంటుంది. తెలిసిన పక్షే, కానీ రంగు మార్చుకున్నట్టు అనిపిస్తుంది.

సంఖ్యలో చూస్తే అండమాన్ పెద్ద గొప్ప కాదు. కెన్యా, టాంజానియాల సవానా గడ్డి మైదానాల్లో జీపులో కూర్చుని ఒక్కరోజులో వంద జాతులు చూసేవాళ్లున్నారు. అండమాన్‌లో వారం తిరిగినా జాబితా వంద దరిదాపుల్లోనే ఆగుతుంది. కానీ ఆ వందలో ఇరవైని చూడటానికి భూమ్మీద ఇంకో చోటు లేదు. గైడ్‌ను పెట్టుకుని ఇంత దూరం రావడానికి కారణం అదే.

ఒక రోజు ఎలా సాగుతుంది?

పోర్ట్ బ్లెయిర్ గడియారం ముంబయితో సమానంగా నడిచినా, సూర్యుడు మాత్రం తూర్పు దేశాల లెక్కనే వస్తాడు. జనవరిలో ఆరు కాకముందే తెల్లారుతుంది. మే నెలలో ఐదింటికే వెలుతురు వస్తుంది. శీతాకాలంలో సాయంత్రం ఐదు దాటాక చీకటి పడటానికి ఎంతోసేపు పట్టదు. అందుకే గైడ్లు నాలుగున్నర, ఐదింటికే బండి సిద్ధం చేసుకోమంటారు.

మొదటి దారి దక్షిణానికి, పట్టణం నుంచి సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని చిడియా టాపుకు. హిందీలో ఆ పేరుకు అర్థమే పక్షుల దీవి. సాధారణ పర్యాటకులు ఇక్కడికి సూర్యాస్తమయం చూడటానికి వస్తారు. పక్షుల కోసం వచ్చినవాళ్లకు మాత్రం ఉదయం, మళ్లీ చీకటి పడే వేళ ముఖ్యం. చెట్ల కింద ఆకులు కదిలిస్తూ తిరిగే అండమాన్ క్రేక్ అనే నీటికోడి జాతి పక్షి, మసక వెలుతురులో రోడ్డు దాటుతూ రెండు మూడు సెకన్లు కనపడి మాయమవుతుంది. దానికోసం గంటసేపు కదలకుండా కూర్చునేవాళ్లు ఉంటారు.

రెండో దారి ఉత్తరానికి. ఛాథమ్ రేవులో బండితో సహా ఫెర్రీ ఎక్కి బాంబూ ఫ్లాట్‌లో దిగి, హోప్ టౌన్ మీదుగా కొండెక్కాలి. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయోను షేర్ అలీ అఫ్రిదీ పొడిచి చంపింది ఈ హోప్ టౌన్ దగ్గరే. పైన ఉన్నది 2021 అక్టోబరు దాకా మౌంట్ హ్యారియట్ అని పిలిచిన జాతీయ పార్కు. 1891 యుద్ధం తర్వాత ఇక్కడికి ప్రవాస శిక్షపై పంపిన మణిపురి యోధుల గుర్తుగా దాన్ని ఇప్పుడు మౌంట్ మణిపూర్ అంటున్నారు. పాత ఇరవై రూపాయల నోటు వెనుక ఉన్న కొబ్బరిచెట్ల దృశ్యం ఈ కొండ మీద నుంచి కనిపించేదే.

కొండ ఎత్తు నాలుగు వందల మీటర్లకు లోపే. హిమాలయాల్లోలా ఎత్తు మారేకొద్దీ పక్షులు మారవు. కానీ చెట్లు గుబురుగా, ఎత్తుగా ఉంటాయి. అడవి పావురం, వడ్రంగిపిట్ట ఇక్కడ దొరికే అవకాశం ఎక్కువ. సవానాలో కళ్లు పనిచేస్తాయి, ఇలాంటి అడవిలో చెవులు పనిచేయాలి. ఆకుల మధ్య నుంచి వచ్చే కూత ఎటునుంచో, ఎంత ఎత్తు నుంచో గైడ్ ముందు పట్టుకుంటాడు, ఆ తర్వాతే బైనాక్యులర్లు లేస్తాయి.

మూడో దారిలో పెద్ద అడవి లేదు, కొండ లేదు. పట్టణం దాటి కొద్ది దూరం వెళ్తే సిప్పీఘాట్ వస్తుంది.

సిప్పీఘాట్: పొలం బురదనేల ఎలా అయింది?

2004 డిసెంబరు 26న సుమత్రా తీరంలో 9కి పైగా తీవ్రతతో భూకంపం వచ్చింది. అల వచ్చి వెనక్కి పోయిందనే చాలామందికి గుర్తు. కానీ దక్షిణ అండమాన్‌లో నీళ్లు పూర్తిగా వెనక్కి పోలేదు, ఎందుకంటే నేలే కిందికి దిగింది. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతంలో భూమి దాదాపు ఒక మీటరు కుంగింది. అదే సమయంలో ఉత్తర అండమాన్ పశ్చిమ తీరాన నేల పైకి లేచి, పగడపు దిబ్బలు నీటి నుంచి బయటపడి ఎండిపోయాయి. దీవుల గొలుసు మొత్తం ఒక పక్కకు ఒరిగినట్టయింది.

ఒక మీటరు అంటే చిన్న లెక్కలా కనిపిస్తుంది. కానీ ఖాడీల పక్కన, దాదాపు సముద్ర మట్టంలో ఉన్న వరి పొలాలకు అదే చాలు. సిప్పీఘాట్‌లో రోజుకు రెండుసార్లు పోటునీళ్లు పొలాల్లోకి రావడం మొదలైంది. వరి పోయింది, కొబ్బరి చెట్లు నిలబడి ఎండిపోయాయి, రోడ్డు ఎత్తు పెంచాల్సి వచ్చింది. దక్షిణ అండమాన్‌లో ఇలా ఉప్పునీటి పాలైన భూమి వందల హెక్టార్లు.

కొన్నాళ్లకు అక్కడ బురదనేలలు ఏర్పడ్డాయి, మడ మొక్కలు మొలిచాయి. శీతాకాలంలో సైబీరియా, మంగోలియాల వైపు నుంచి వచ్చే ఉల్లంకులు దిగడం మొదలుపెట్టాయి. కొంగలు, లకుముకి పిట్టలు చేరాయి. వాటితోపాటు అండమాన్ టీల్ అనే చిన్న బాతు కూడా గుంపులుగా కనపడసాగింది.

గోధుమ రంగు ఒళ్లు, కంటి చుట్టూ తెల్లటి వలయం ఉండే ఈ బాతు మొత్తం సంఖ్య మీద వచ్చిన అంచనాలు కొన్ని వందల నుంచి వెయ్యి దరిదాపుల దాకా ఉన్నాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పు అంచున ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. ఇది పగలు మడ అడవుల్లో గడిపి, పొద్దుగూకాక మేతకు దిగుతుంది, చెట్టు తొర్రల్లో గూడు పెడుతుంది. అంటే దానికి ఒక్క చెరువు సరిపోదు. మేతకు బురదనేల, విశ్రాంతికి మడ, గూటికి పాత చెట్టు కావాలి, అవి దగ్గర దగ్గరగా ఉండాలి.

సిప్పీఘాట్, దాని ఉత్తరాన ఓగ్రాబ్రాజ్ చుట్టుపక్కల నేలలు ఆ అవసరాలు చాలావరకు తీర్చాయి. అందుకే ఈ రోజు అండమాన్‌కు వచ్చే దాదాపు ప్రతి పక్షి యాత్రలోనూ ఒక సాయంత్రం అక్కడ గడుస్తుంది.

ఆ నేల ఎవరిది?

చిక్కంతా ఇక్కడే ఉంది. పర్యాటకుడి కంటికి అది చిత్తడి నేల. రైతు కంటికి అది మునిగిపోయిన పొలం.

దేశ విభజన తర్వాత 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థి కుటుంబాలను అండమాన్‌లో స్థిరపరిచినప్పుడు ఒక్కో కుటుంబానికి ఐదెకరాల వరి భూమి, ఐదెకరాల గుట్ట భూమి చొప్పున ఇచ్చారు. దీవుల్లో చదునైన సాగుభూమి ఎప్పుడూ తక్కువే. అందులో నుంచి పోయిన ప్రతి ఎకరానికీ బదులు దొరకడం కష్టం. పోర్ట్ బ్లెయిర్ శివార్లలోని కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ ఇలాంటి నేలల్లో ఎత్తైన మడులు కట్టి వాటిపై కూరగాయలు, మధ్య కాలువల్లో చేపలు పెంచే పద్ధతిని ప్రచారం చేసింది. కట్టలు వేసి, తూములు పెట్టి ఉప్పునీళ్లను ఆపొచ్చన్న ఆలోచన కూడా ఉంది. రైతు వైపు నుంచి చూస్తే ఇవన్నీ న్యాయమైన ప్రయత్నాలే.

బాతుకు మాత్రం చట్టంలో చోటు ఇరుకుగా ఉంది. ఆ పక్షిని చంపితే వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. కానీ అది మేసే నేలకు అదే స్థాయి రక్షణ లేదు. సిప్పీఘాట్ జాతీయ పార్కు కాదు, అభయారణ్యమూ కాదు. 2017 నాటి చిత్తడి నేలల నియమాలు వరి పొలాలను చిత్తడి నేలల నిర్వచనం నుంచి మినహాయించాయి. మరి ఒకప్పుడు వరి పండి, ఇప్పుడు ఆటుపోట్లు వచ్చిపోతున్న పొలాన్ని ఏమనాలి? కాగితం మీద అది సాగుభూమి, నేల మీద అది ఖాడీ.

దీనికి తోడు అది పట్టణం నుంచి వచ్చే రహదారి పక్కనున్న భూమి. ఊరు పెరిగేకొద్దీ అలాంటి లోతట్టు నేలను మట్టితో పూడ్చి స్థలంగా మార్చాలన్న ఒత్తిడి ఎక్కడైనా ఉంటుంది. హైదరాబాద్ చెరువులకు ఏమైందో తెలిసిన తెలుగు పాఠకులకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

పక్షి యాత్రల డబ్బు ఈ లెక్కలోకి రావాల్సింది ఇక్కడే. ఇప్పుడు పర్యాటకుడు ఖర్చు పెట్టేది హోటల్‌కు, బండికి, గైడ్‌కు వెళ్తుంది. బాతులు మేసే పొలం యజమానికి అందులో వాటా ఉండే పద్ధతి లేదు. రోడ్డు అంచున నిలబడి చూడటానికి టికెట్ ఉండదు కదా. పక్షి ఉండటం వల్ల పొలం యజమానికి లాభం లేనప్పుడు, అది లేకపోతే వచ్చే నష్టమూ ఉండదు.

ఫోన్‌లో యాప్ ఉండగా గైడ్ ఎందుకు?

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం తయారు చేసిన మెర్లిన్ యాప్ ఇప్పుడు కూత విని పక్షి పేరు చెబుతోంది. అదే విశ్వవిద్యాలయం 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఏ చోట ఏ పక్షి ఎప్పుడు కనపడిందో వెతుక్కోవచ్చు. అయినా గైడ్లకు పని తగ్గలేదు.

పేరు చెప్పడం గైడ్ పనిలో చిన్న భాగం. ఈ వారం ఏ మర్రి కాయలు పండాయో, అక్కడికి పావురాలు ఎన్నింటికి వస్తాయో, సిప్పీఘాట్‌లో బురద ఏ పోటుకు బయటపడుతుందో, ఛాథమ్‌లో మొదటి ఫెర్రీ దాటితే తర్వాతిది ఎప్పుడో యాప్ చెప్పదు. ఎక్కడ ఆగకూడదో కూడా గైడ్‌కే తెలియాలి. ఉత్తరాన జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దాటాక జారవా తెగ రిజర్వు మొదలవుతుంది. ఆ దారిలో వాహనాలు కాన్వాయ్‌గానే వెళ్లాలి, మధ్యలో ఆగడం, ఫొటోలు తీయడం నేరం. చెక్‌పోస్టుకు ఇవతల ఉన్న అడవి అంచుల్లో పక్షులు చూసి వెనక్కి తిరగడమే సరైన పద్ధతి.

స్థానికుడి చూపు విలువ తెలుగు నేలకు కొత్త కాదు. అంతరించిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు వెతుకుతుంటే, రాత్రిపూట దాన్ని పట్టి చూపించింది ఆ ఊరి మనిషే.

గుడ్లగూబను కూత పెట్టి పిలవొచ్చా?

అండమాన్ యాత్రల్లో రాత్రి నడకలు ముఖ్యం. ఇక్కడికే ప్రత్యేకమైన గుడ్లగూబలను, నైట్‌జార్‌ను చూడాలంటే చీకట్లోనే చూడాలి. వాటిని బయటికి రప్పించడానికి కొందరు వాటి కూతను స్పీకర్‌లో వినిపిస్తారు. తన హద్దులోకి ఇంకో మగపక్షి వచ్చిందనుకుని అసలు పక్షి ఎదురు కూస్తుంది, దగ్గరికి వస్తుంది.

ఒకసారి, కొద్దిసేపు వినిపిస్తే పెద్ద హాని ఉండకపోవచ్చు. కానీ పర్యాటక సీజన్‌లో ఒకే గుడ్లగూబకు రోజూ ఒక గుంపు వచ్చి అదే కూత వినిపిస్తే? లేని శత్రువు కోసం అది గూడు వదిలి, వేట మాని తిరుగుతుంది. పోర్ట్ బ్లెయిర్ చుట్టూ గుంపులు వెళ్లే చోట్లు తక్కువ కాబట్టి ఈ భారం కొద్ది పక్షుల మీదే పడుతుంది. బాధ్యత తెలిసిన గైడ్లు గూళ్ల కాలంలో స్పీకర్ తీయరు, పక్షి ఒకసారి కనపడగానే ఆపేస్తారు, టార్చి నేరుగా కళ్లలోకి వేయరు.

పేర్లలో దాగిన చరిత్ర

ఈ పక్షుల శాస్త్రీయ నామాలు చదివితే అండమాన్ పాలకుల జాబితా చదివినట్టే ఉంటుంది. 1858లో ఇక్కడ శిక్షా కాలనీ మొదలైంది. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్ 1863లో అండమాన్ క్రేక్‌కు లార్డ్ కానింగ్ పేరు, పాముల గద్దకు లార్డ్ ఎల్గిన్ పేరు పెట్టాడు. ఇద్దరూ వైస్రాయ్‌లే. అప్పట్లో పోర్ట్ బ్లెయిర్ సూపరింటెండెంట్‌గా ఉన్న రాబర్ట్ టైట్లర్ కూడా పక్షుల నమూనాలు సేకరించాడు. ఆయన భార్య హ్యారియట్ పేరే కొండకు వచ్చింది. కొండ పేరు మారింది, పక్షుల పేర్లు మారలేదు.

వాటికి అంతకుముందే పేర్లున్నాయి. భాషావేత్త అన్వితా అబ్బీ, పక్షి శాస్త్రవేత్త సతీశ్ పాండే కలిసి గ్రేట్ అండమానీ తెగ పక్షుల పేర్లను, వాటిని వర్గీకరించే తీరును 2011లో పుస్తకంగా తెచ్చారు. ఆ తెగ పక్షులను తమ పూర్వీకులుగా భావిస్తుంది. బో భాష మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూశారు. తన భాషలో మాట్లాడటానికి మనుషులెవరూ మిగలక, ఆమె పక్షులతో మాట్లాడేవారు.

యాత్రలో దొరకని పక్షులు

గైడ్ ఎంత నేర్పరి అయినా చూపించలేని పక్షులు కొన్ని ఉన్నాయి. నార్కొండం హార్న్‌బిల్ ప్రపంచం మొత్తంలో ఏడు చదరపు కిలోమీటర్లకు మించని ఒకే ఒక్క దీవిలో ఉంటుంది. అది అభయారణ్యం, సాధారణ పర్యాటకులకు ప్రవేశం లేదు.

నికోబార్ మెగాపోడ్ తీరపు ఇసుకలో ఆకులు, మట్టి కుప్పగా పోసి, ఆ వేడికి గుడ్లు పొదిగిస్తుంది. 2004 సునామీ ఆ దిబ్బలను పెద్ద సంఖ్యలో తుడిచిపెట్టింది. మిగిలిన వాటికి గ్రేట్ నికోబార్ ఒక ముఖ్య ఆవాసం. అక్కడే 72,000 కోట్ల రూపాయల అంచనాతో ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్టణం కట్టడానికి 2022లో కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని దానికి కేటాయించారు. ఓడరేవు వచ్చే గలతియా బే అభయారణ్య హోదాను 2021లోనే తొలగించారు.

గ్రేట్ నికోబార్ మీద కోర్టుల్లో, పార్లమెంటులో, పత్రికల్లో చర్చ జరుగుతోంది. సిప్పీఘాట్ లాంటి చోట అంత చర్చ ఉండదు. అక్కడ మార్పు ఒక్కో లారీ మట్టితో, ఒక్కో కట్టతో వస్తుంది.

తెలుగువారికి ఏం సంబంధం?

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో ప్రతి వంద మందిలో 13 మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన మత్స్యకార, కార్మిక కుటుంబాలు వాళ్లలో చాలా ఉన్నాయి. విశాఖ నుంచి ఓడ ప్రయాణం ఎన్నో కుటుంబాల జ్ఞాపకాల్లో భాగం. ఖాడీని, పోటును, వలను తెలిసినవాళ్ల పిల్లలకు పక్షి గైడ్ పని అంత దూరమైంది కాదు.

చూడటానికి వెళ్లేవాళ్లు చేయగలిగిన పని కూడా ఒకటుంది. దేశంలోని పక్షుల స్థితిపై 2023లో వచ్చిన నివేదిక సుమారు 30,000 మంది పక్షి ప్రేమికులు ఈబర్డ్‌లో నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనలపై ఆధారపడింది. సిప్పీఘాట్ రోడ్డు అంచున నిలబడి సాయంత్రం లెక్కపెట్టిన బాతుల సంఖ్యను తేదీతో, చోటుతో నమోదు చేస్తే, ఆ పొలాన్ని ఏం చేయాలన్న ప్రశ్న అధికారుల ముందుకు వచ్చిన రోజున అది పనికొస్తుంది. ఆ లెక్క పక్కనే ఆ పొలం యజమాని నష్టం లెక్క కూడా ఉంటేనే నిర్ణయం న్యాయంగా ఉంటుంది.